కాళ్లు పైకి

“అది పోవాలి, లేకపోతే అమ్మ పోవాలి. రెండూ ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు.”

అనేశాక ఆడపడుచు ఒక్క క్షణం ఆగింది. తనన్న మాట తన చెవికే బాగోలేదు. పెద్దవాళ్లున్న ఇంట్లో ‘పోవడం’ అనే మాటను చూసి వాడాలి. వీధి చివరిదాకా పోయినా పోవడమే, తిరిగి రానంత దూరం పోయినా పోవడమే.

“అంటే, నాతో వచ్చేయాలని,” అంటూ సర్దుకుంది.

పక్కగది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అమ్మ మేలుకునే ఉందని హాల్లో ఉన్న ముగ్గురికీ తెలుసు. వాళ్లకు తెలుసని అమ్మకీ తెలుసు. అయినా ఎవరూ గొంతు తగ్గించలేదు.

ఆడపడుచు ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. ఇంట్లోనూ అందరికీ వార్డెనే. ఆ మాటను మధ్యలో విరిచి ‘వార్ డెన్’ అని పలికే ధైర్యం ఈ ఇంట్లో ఒక్కరికే ఉండేది. ఆయన వాళ్ల నాన్న, బడిలో డ్రిల్లు మాస్టారు. ఆయన పోయి రెండేళ్లు దాటింది. ఆ మాట విరిచేవాళ్లు ఇప్పుడు లేరు. విరిగింది ఒక్క అమ్మ మణికట్టే.

“ఆ రోజు నువ్వెక్కడున్నావు?” వార్డెన్ తమ్ముడి భార్యను అడిగింది. ఇదే ప్రశ్న వచ్చిన దగ్గర్నుంచి అడుగుతూనే ఉంది.

“షాపులో, వదినా.”

“అమ్మని ఎవరికి అప్పజెప్పి వెళ్లావు?”

“ఎవరికి అప్పజెప్తాను? ఆవిడ పనులు ఆవిడే…”

“దానికి అప్పజెప్పావు.” వార్డెన్ వేలు బాల్కనీ వైపు తిరిగింది. “కళ్లు లేని దానికి. బుర్ర లేని దానికి. నలుగురికీ కళ్లజోళ్లు బిగిస్తావు, ఇంట్లో ఏం జరుగుతోందో నీకు కనపడదా?”

కోడలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడుతుంది. ఎదుటివాళ్ల చూపు సరిచేయడం ఆమెకు చేతనైన పనే. ఈ ఇంట్లో తన మీద పడుతున్న చూపుకు ఏ నంబరు అద్దం పెట్టాలో మాత్రం ఆమెకు అంతుపట్టడం లేదు. పడింది అత్తగారు. మాట పడింది కోడలు.

బాల్కనీలో, బట్టలు నానబెట్టే ప్లాస్టిక్ తొట్టిలో, అది వెల్లకిలా పడి ఉంది. పళ్లెమంత వెడల్పు, అరచేతి ఎత్తు, కింద రెండు చక్రాలు. నేల ఊడ్చే రోబో. మాస్టారు దానికి తాబేలని పేరు పెట్టారు. కొన్నదీ ఆయనే. కొట్లో ఉన్నవాటన్నిటిలోకీ చవకది. ఖరీదైనవి ఇల్లంతా లోపల పటం గీసుకుని నడుస్తాయట. దీనికి పటమూ లేదు, పాడూ లేదు. గోడకు గుద్దుకుంటే అది గోడని తెలుసుకుంటుంది, మంచానికి గుద్దుకుంటే మంచమని తెలుసుకుంటుంది. “దీనిది పుస్తకజ్ఞానం కాదు, అనుభవజ్ఞానం,” అని మాస్టారు మురిసిపోయేవారు. అప్పుడప్పుడూ అది మాట్లాడేది కూడా. ఏ దేశపు భాషో తెలియదు. భాష మార్చే దారి ఎవరికీ దొరకలేదు. అత్తగారు మాత్రం ఆ ఆడగొంతు తీరును బట్టి, ఇది ఆకలి, ఇది అజీర్తి, ఇది ఎక్కడో ఇరుక్కుంది అని ఇట్టే చెప్పేసేది.

నాలుగేళ్లలో దానికి ఇల్లు అలవాటు కాలేదు గానీ, ఇంటికే అది అలవాటైంది. సోఫా కింద దూరడానికి వీలుగా సోఫా కాళ్ల కిందకు చెక్కముక్కలు వచ్చాయి. చాప అంచులకు టేపు పడింది. కర్టెన్లు మోకాళ్లదాకా ఎగ్గట్టుకున్నాయి. దాని పక్కబ్రష్షుకు మూడు రెక్కలుండేవి, ఇప్పుడు ఒకటి మిగిలింది. చెత్తడబ్బా కొక్కెం ఊడిపోతే రబ్బరు బ్యాండు వేశారు. బ్యాటరీ ఒకసారి మార్చారు. మార్చిందీ ముసలిదైంది. ఒకప్పుడు ఇల్లంతా చుట్టి వచ్చేది, ఇప్పుడు కాసేపటికే ఆయాసపడి ఎక్కడ ఉంటే అక్కడే ఆగిపోతుంది. గుండ్రటిది కాబట్టి మూలలకు మొదట్నుంచీ పోదు. ఈ ఇంట్లో గొడవలూ అంతే. గుండ్రంగా తిరుగుతాయి, మూలానికి పోవు.

“నేనన్నదాంట్లో తప్పుంటే చెప్పరా,” వార్డెన్ తమ్ముడి వైపు తిరిగింది.

తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. పైకి వెళ్లడం, కిందికి దిగడం తప్ప పక్కకు జరగడం ఆ వృత్తిలో లేదు. అక్క పక్కకు జరగలేక, భార్య పక్కకు జరగలేక, రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా సోఫా మధ్యలో కూర్చున్నాడు.

“తప్పని ఎవరన్నారక్కా.”

“ఎలా పడ్డావే అంటే చెప్పలేకపోతోంది. అది గమనించావా? చెప్పట్లేదా, చెప్పలేకపోతోందా? నాకదే భయంగా ఉంది.” వార్డెన్ గొంతు మొదటిసారి తగ్గింది. “మా హాస్టలుకు వచ్చే డాక్టరమ్మకు చూపిస్తాను. మతిమరుపు ఇలాగే మొదలవుతుందట. అదే అయితే మాత్రం ఆవిణ్ణి ఒక్క నిమిషం ఒంటరిగా వదలకూడదు. మా హాస్టల్లో అయితే తలుపులకు గొళ్లాలుంటాయి, ఆయమ్మలుంటారు, అన్నీ చూసుకుంటారు.”

లోపల మంచం కిర్రుమంది. తరవాత మళ్లీ నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దమే ఎవరికీ మింగుడుపడటం లేదు. అమ్మ ఉద్యోగం చేసినన్నాళ్లూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఊరందరి గొంతులూ ఆమె చేతుల మీదుగా కలిసేవి. అలాంటి మనిషి తన లైను తనే తెంపుకుని కూర్చుంది. ఎలా పడ్డారని ఎముకల డాక్టరు అడిగాడు. కొడుకు అడిగాడు. కూతురు ఫోన్లోనూ అడిగింది, వచ్చాకా అడిగింది. అందరికీ ఒకటే జవాబు, “కాలు జారింది.” డాక్టరు మణికట్టుకు కట్టు కట్టాడు. నోటికి కట్టుకుంది ఆవిడే.

కోడలికి తెలిసిన విషయం ఒకటి ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు షాపు నుంచి వచ్చి తలుపు తీసేసరికి అత్తగారు నడవాలో ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. పక్కనే తాబేలు తిరగబడి, చక్రాలు గాల్లో తిప్పుతూ, తన భాషలో తాను అరుస్తోంది. అత్తగారు విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని దాన్ని ఓదారుస్తోంది. “లైన్లో ఉండండి. వచ్చేస్తున్నారు. లైన్లో ఉండండి.”

ఇప్పుడు ఈ మాట వార్డెన్ చెవిన పడితే ఇంకేమైనా ఉందా?

“మీరొక్క మాట అనండి,” కోడలు భర్త వైపు చూసింది.

“ఏమనమంటావు?”

“ఏదో ఒకటి.”

అతను అక్క వైపు తిరిగాడు. “రేపు సాయంత్రానికి టాక్సీ నేను మాట్లాడతానక్కా,” అన్నాడు.

ఏదో ఒకటి అనమని అడిగింది. అదే దొరికింది.

*

తెల్లారాక వార్డెన్ ప్రయాణానికి మందులు తేవడానికి కిందికి వెళ్లింది. తమ్ముడు ఎక్కడో ఆగిపోయిన లిఫ్టును కదిలించడానికి వెళ్లాడు. ఇంట్లో ఆగిపోయినదాన్ని కదిలించడం అతని చేతుల్లో లేదు.

కోడలు అత్తగారి వెనక మంచం మీద కూర్చుని తల దువ్వుతోంది. చెయ్యి విరిగినప్పటి నుంచి ఈ పని ఆమెదే. మొదట్లో ఇద్దరికీ మొహమాటంగా ఉండేది. ఇప్పుడు దువ్వెన చేతిలోకి తీసుకోగానే అత్తగారి తల తనంతట తనే కాస్త వెనక్కి వాలుతుంది.

“షాపుకి ఆలస్యం కావట్లేదూ?”

“సెలవు పెట్టాను.”

“ఎందుకూ?”

“మీరు వెళ్తున్నారుగా.”

దువ్వెన పైనుంచి కిందికి రెండుసార్లు దిగింది.

“అత్తయ్యా, ఆ రోజు…”

“జారింది.”

“నేల పొడిగా ఉంది. నేను చూశాను.”

“పొడినేల మీద జారకూడదని ఉందా? జారేది కాలమ్మా, నేల కాదు.”

కోడలు నవ్వబోయి ఆగింది. అత్తగారి మాటల్లో మాస్టారి వాటం అప్పుడప్పుడూ ఇలా తొంగి చూస్తుంది. నలభై యాభై ఏళ్లు ఆయన పక్కన కూర్చున్న మనిషికి ఆ మాత్రం అంటకుండా ఎలా ఉంటుంది!

“నీ మీద పడింది కదూ మాట,” అంది అత్తగారు కిటికీలోకి చూస్తూ.

“పడనివ్వండి. నా ఎముకలు గట్టివే.”

అత్తగారి భుజాలు నవ్వుతున్నట్టు కదిలాయి. నవ్వు కాదని కోడలికి కాసేపటికి గాని అర్థం కాలేదు. దువ్వెన జుట్టులోనే ఆపి కూర్చుంది. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయబోయారు, అది అందుకోలేదు, మళ్లీ ప్రయత్నించారు.

“దానికెవరైనా తిండి పెట్టారా?” అత్తగారు అడిగింది.

“దేనికి? తాబేలుకా? బాల్కనీలో ఉంది. చార్జింగ్ లేదు.”

“వానొస్తే?”

“రాదులెండి.”

“నేను వెళ్లేలోపు ఒక్కసారి తిరగనివ్వవే అమ్మాయ్. ఒక్కసారి చాలు.”

“వదిన చూస్తే ఇంటి పైకప్పు లేచిపోతుంది.”

“మీ వదినకేం తెలుసు. అది తిరుగుతుంటే నాకు…” అని అత్తగారు ఆగిపోయింది. అటునుంచి రిసీవరు పెట్టేసినట్టయింది. ఎంత ‘హలో’ అన్నా ఇక పలకదని కోడలికి తెలుసు.

జడ ముడివేసి, లేచి, బాల్కనీలోకి వెళ్లింది.

తాబేలును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని గోళ్లు తీసే చిన్న కత్తెరతో కూర్చుంది. నడుమ ఉండే బ్రష్షుకు జుట్టు చుట్టుకుపోయి తాడులా బిగిసింది. కత్తిరిస్తూ ఒక పోగు వెలుతురులోకి లాగి చూసింది. తెల్లవెంట్రుకలు అత్తగారివి. నల్లవి తనవి. ఏది ఎక్కడ మొదలైందో తెలియకుండా పెనవేసుకుని ఉన్నాయి. ఆ చెయ్యి విరిగేదాకా అద్దం ముందు కూర్చుని అత్తాకోడళ్లు ఒకరికొకరు జడ వేసుకున్నది లేదు. ఇన్నేళ్లుగా ఇద్దరికీ కలిపి ఒకే జడ వేస్తున్నది ఇదన్నమాట.

ఆ పోగును పారేయలేక కిటికీ చట్రంలో పెట్టింది.

ముందు మెట్లు, గోతులు కనిపెట్టడానికి దాని పొట్ట కింద చిన్న చిన్న గాజుకళ్లు ఉంటాయి. వాటిమీద దుమ్ము పొరలు కట్టింది. షాపులో అద్దాలు తుడిచే మెత్తని గుడ్డ ఒకటి బ్యాగులో ఉంటే తీసి, ఊదుతూ, ఒక్కొక్కటే తుడిచింది. పక్కనున్న పవర్ మీట నొక్కింది. హాల్లో మాస్టారి పేముకుర్చీ వెనక, గోడ దగ్గరున్న చార్జింగ్ పీట మీద పెట్టింది. పచ్చదీపం వెలిగీ వెలగక మిణుకుమంది.

చేసింది నేరమో, సేవో ఆమెకు తేలలేదు.

*

సాయంత్రానికి బ్యాగు సర్దడం అయిపోయింది. వార్డెన్ సర్దింది గనక మూట కట్టినట్టు కాక కవాతుకు నిలబెట్టినట్టు ఉంది. ఆమె పేముకుర్చీలో కూర్చుని చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి చూసింది.

“ఇది లోపలికెలా వచ్చింది?”

ఆమె వేలు చార్జింగ్ పీట వైపు తిరిగింది.

“నేను బాల్కనీలో పెట్టాను. తాళ్లు కట్టుకుని గోడ దూకి వచ్చిందా?”

“నేనే తెచ్చాను,” అంది కోడలు. సోఫా చివర భర్త పక్కన కూర్చుని ఉంది.

“చూశావట్రా? అమ్మను పడదోసినదాన్ని తెచ్చి మళ్లీ తిండి పెట్టింది. చార్జీ నీమీద వేయాలో, దానిమీద వేయాలో తెలియడంలేదమ్మా నాకు!”

“దుమ్ము పట్టింది, తుడిచి పెట్టాను వదినా. అంతే.”

“దుమ్ము! నేను నాలుగు మాటలంటే దుమ్మెత్తి పోస్తున్నానంటారు. ఇక్కడ చూస్తే దుమ్మెత్తేదాన్ని నెత్తిన పెట్టుకుంటారు.”

“అక్కా, వదిలెయ్. టాక్సీ వచ్చే టైమైంది,” అన్నాడు తమ్ముడు.

“వదిలేయబట్టే కదరా ఇంతదాకా వచ్చింది!”

ఆ గొడవలో పక్కగది తలుపు పూర్తిగా తెరుచుకోవడం ఎవరూ గమనించలేదు. అమ్మ కుడిచేతి కర్ర మీద బరువు వేసి, కట్టున్న ఎడమచేతిని గుండెకు ఆనించుకుని, గోడ వెంబడే వచ్చి పేముకుర్చీ వెనక నిలబడింది. కర్ర కొన జాగ్రత్తగా ముందుకు చాచింది. తాబేలు నడినెత్తిన ఉండే పెద్ద బటన్ మీద ఒక్క పోటు పొడిచి, మళ్లీ వచ్చిన దారినే గదిగుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడింది.

చిన్న రాగం మోగింది. ఆడగొంతు ఏదో పలికింది. తాబేలు ర్ర్ర్‌మంటూ పీట దిగింది.

“ఎవరు వేశారు దాన్ని?” వార్డెన్ గద్దించింది.

తాబేలుకు గద్దింపులు తెలియవు. కుర్చీ కాలికి గుద్దుకుంది, వెనక్కి తగ్గింది, వార్డెన్ చీలమండకు గుద్దుకుంది, మళ్లీ వెనక్కి తగ్గి సోఫా వైపు బయలుదేరింది.

“నేను అనేది ఒకటే వదినా,” కోడలు ఈసారి గట్టిగానే అందుకుంది. “నన్నేమైనా అనండి. కానీ అత్తయ్యను అడక్కుండా…” అంటూ రెండుకాళ్లూ గాల్లోకి ఎత్తింది.

“అడిగితే చెప్తుందా ఆవిడ? నువ్వు మధ్యలో మాట్లాడకు,” అన్నాడు భర్త, తనూ కాళ్లెత్తి.

తాబేలు సోఫా కింద దూరి, ఇటు చివర బయటికి వచ్చింది. నాలుగు పాదాలూ కిందికి దిగాయి.

“ఎప్పుడూ మధ్యలో మాట్లాడవద్దనే అంటారు. చివర్లో అయినా మాట్లాడనిచ్చారా?”

అది మళ్లీ వెనుదిరిగింది. నాలుగు పాదాలూ మళ్లీ లేచాయి, మళ్లీ దిగాయి. మాట తడబడలేదు. ఎవరి చూపూ కిందికి పోలేదు.

వార్డెన్ తెల్లబోయి చూస్తోంది. “ఏంటది?”

“ఏంటి?”

“కాళ్లు. ఇద్దరూ కోతుల్లా అలా ఎత్తుతున్నారేంటి?”

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత తమ కాళ్లవైపు చూసుకున్నారు, మొదటిసారి చూస్తున్నట్టు.

“ఓ, అదా,” తమ్ముడు ఇబ్బందిగా నవ్వాడు. “నాన్న అలవాటు చేశారు. ఇది తిరిగేటప్పుడు ఆ కుర్చీలో కూర్చుని కేకేసేవారు. డ్రిల్లు కదా! అందరం ఒక్కసారి ఎత్తాలి. ఎవరైనా ఆలస్యం చేస్తే మళ్లీ మొదట్నుంచి. నువ్వు మర్చిపోయావేమో. మన చిన్నప్పుడు అమ్మ రాత్రి డ్యూటీ దిగి వచ్చి నేల తుడిచేది చూడు. గుడ్డ మన బెంచీ దగ్గరికి రాగానే…”

“నాకేం గుర్తు లేదు,” అంది వార్డెన్.

కోడలు ఆ మాటలు వినడం లేదు. నవ్వు సగంలో ఆరిపోయిన మొహంతో గుమ్మంవైపు చూస్తోంది.

సోఫా మీద వాళ్లకు ఎదురుగా, వార్డెన్ వీపు వెనక, అత్తగారు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. తాబేలు కుర్చీని చుట్టుకుని ఆవిడ వైపు బయలుదేరింది. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. ఆ మొహంలో ఎన్నాళ్లుగానో కనిపించని వెలుగు. ర్ర్ర్ దగ్గరయ్యేకొద్దీ ఆవిడ పెదాలు ఎవరికో జవాబు చెప్తున్నట్టు కదిలాయి.

తరవాత కుడికాలి మడమ నేల విడిచింది. పాదం మెల్లగా, భక్తిగా, పైకి లేచింది.

కోడలు ఎప్పుడు లేచిందో, ఎలా దాటిందో ఆమెకే తెలియదు. కర్ర కిందపడ్డ చప్పుడు వినిపించేసరికి అత్తగారి బరువంతా ఆమె భుజం మీద ఉంది. తాబేలు కర్రను గుద్దుకుని, దాన్ని కాసేపు తోసి, విసుగెత్తి పక్కకు తిరిగిపోయింది.

“చెప్పకే,” అత్తగారు ఆమె చెవిలో ఊపిరిలా అంది. “మతి పోయిందంటారు. గొళ్లాలు పెడతారు. చెప్పకు.”

కోడలికి అంతా ఒక్కసారి కనిపించింది, సరైన అద్దం పడ్డట్టు. ఆ రోజు నడవాలో జరిగింది ఇదే. గుద్దింది తాబేలు కాదు. జారింది కాలూ కాదు. కాలు లేచింది.

ఒక్క మాట చెప్తే చాలు, తన మీద పడ్డదంతా దిగిపోతుంది. దిగిపోయేది ఆమె నెత్తి మీది బరువు. వెళ్లిపోయేది అత్తగారు.

“మళ్లీ!” వార్డెన్ కుర్చీ తిప్పుకుని చూసింది. మొహం పాలిపోయింది. “నా కళ్లముందే మళ్లీ పడేసేది! ఎవరు వేశారు దీన్ని? నాకిప్పుడు తెలియాలి. ఎవరు?”

“నేనే,” అంది కోడలు.

“ఆ రోజు?”

కోడలు అత్తగారిని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. “ఆ రోజూ నేనే. వేసి, ఆపకుండా షాపుకి వెళ్లిపోయాను.”

భర్త తలెత్తి చూశాడు. ఆ రోజు ఆమె బయటికి వెళ్లేటప్పుడు తలుపు దగ్గర చెప్పులు అందించింది అతనే. తాబేలు పీట మీదే నిద్రపోతోంది. అతనికి గుర్తుంది. నోరు తెరిచాడు. మాట పైకీ రాలేదు, కిందికీ పోలేదు.

“విన్నావా!” వార్డెన్ లేచి తమ్ముణ్ణి చూసింది. “విన్నావట్రా? ఇంకేం కావాలి? అమ్మా, పద. ఇంక ఒక్క నిమిషం కూడా…”

“నువ్వు కూర్చోవే,” అంది అమ్మ.

అది మంచం మీది గొంతు కాదు. హెడ్‌ఫోను పెట్టుకుని బోర్డు ముందు కూర్చున్న మనిషి గొంతు. ఎక్కడా పగుళ్లు లేవు. వార్డెన్ కూర్చుంది.

“డ్యూటీలో నేను ఒకళ్ల ఫోన్ కాలు తీసుకెళ్లి ఇంకొకళ్లకు ఎప్పుడూ కలపలేదు. ఇది నా లైను. ఈ పిల్ల మీదికి పోనివ్వను.” కోడలి భుజం మీద చెయ్యి తీయకుండానే చెప్పింది. “బటన్ నొక్కింది నేను. ఆ రోజూ నేనే, ఇందాకా నేనే. రోజూ మీరంతా వెళ్లాక నేనే నొక్కుతాను.”

“ఎందుకమ్మా?”

తాబేలు బీరువా కింద తల దూర్చి, తీసి, మళ్లీ దూర్చింది.

“అది దగ్గరికొస్తే మీ నాన్న గొంతు వినిపిస్తుంది. అదుగో, ఆ కుర్చీలోంచి. కూర్చుని ఉన్నప్పుడు వినిపిస్తే గొడవలేదు. ఆ రోజు నడవాలో నిలబడి ఉన్నాను. ఆయన ఎత్తమన్నారు. ఎత్తాను.” తన కుడిపాదం వంక చూసుకుంది. “నిలబడి ఉన్నానని కాలికి తెలియలేదు.”

వార్డెన్ నాన్న కుర్చీ చేతుల్ని తెలియకుండానే పట్టుకుంది. ఈసారి వచ్చింది హాస్టలు పిల్లలతో మాట్లాడే గొంతు కాదు.

“అమ్మా… నాన్న లేరమ్మా.”

“నాకు తెలీదా?”

“తెలిస్తే మరి కాలెందుకు ఎత్తావు?”

తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్తే ఒక తంటా, చెప్పకపోతే ఇంకో తంటా. చెప్పలేకపోతే ఆ డాక్టరమ్మ, ఆ గొళ్లాలు. కోడలి భుజం మీద అత్తగారి వేళ్లు బిగిశాయి.

బీరువా కింద పని ముగించుకుని తాబేలు బయటికి వచ్చింది. హాలు మధ్యలో ఒక చుట్టు తిరిగింది. దాని పచ్చదీపం ఎర్రబడుతోంది. కొద్దిపాటి ఊపిరితో పేముకుర్చీ వైపు బయలుదేరింది.

అమ్మ దాన్నే చూస్తోంది. కోడలు తన పాదాన్ని మెల్లగా అత్తగారి పాదం మీద ఆనించింది, లేవకుండా.

“కాళ్లూ…” అంది అమ్మ. ఎక్కడ నేర్చుకుందో, ఎన్నేళ్లు విని దాచుకుందో, బడి మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు వినపడే ఆ సాగతీత అచ్చంగా ఆయనదే. “…పైకి!”

వార్డెన్ కాళ్లు రెండూ ఒక్కసారి లేచాయి.

ఆమె ఎత్తలేదు. అవే లేచాయి. మోకాళ్లు గుండెలదాకా వచ్చాయి, ఒక చెప్పు ఊడి ఎగిరి పడింది, చేతులు మోకాళ్ల చుట్టూ చుట్టుకున్నాయి. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన అమ్మ తడిగుడ్డతో బెంచీ కింద తుడుస్తుంటే ఊపిరి బిగబట్టుకుని కూర్చునే పిల్ల, కళ్లజోడు పెట్టుకుని, తల నెరిసి, ఆ కుర్చీలో ముడుచుకుని ఉంది.

సోఫాలో తమ్ముడి కాళ్లు కూడా గాల్లోనే ఉన్నాయి.

తాబేలు పేముకుర్చీ కిందికి దూరింది. అక్కడే ఆగిపోయింది. ఆడగొంతు తన భాషలో నీరసంగా ఏదో చెప్పింది.

“ఆకలంటోంది,” అంది అమ్మ.

ర్ర్ర్ ఆగిపోయాక ఇల్లు ఎంత ఖాళీగా ఉంటుందో అప్పుడే తెలిసింది. వార్డెన్ తన కాళ్లవంక చూసుకుంటోంది, అవి వేరెవరివో అయినట్టు. కింద దాటాల్సింది ఏమీ లేదు. అయినా దించడం లేదు.

వీధిలో టాక్సీ హారన్ మోగింది. కాసేపాగి మళ్లీ మోగింది.

“తమ్ముడూ,” అంది వార్డెన్, కాళ్లు దించకుండానే. “ఆ టాక్సీ అతనికి చెప్పు…”

తమ్ముడు లేచి నిలబడ్డాడు. తలుపు తీసి, గడియ మీద చెయ్యి పెట్టుకుని, వెనక్కి తిరిగి ఎదురుచూశాడు.

ఏం చెప్పాలో ఆమె ఇంకా చెప్పలేదు.